లోపలి పట్టా

గద్వాల స్టేషన్ రోడ్డులో పంచరు దుకాణం సాంసన్ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఎడమ చేతి చూపుడు వేలుకు పై కణుపు లేని మనిషి. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందో వెతికేటప్పుడు ఆ మొండి వేలే ముందుంటుంది. యాభై ఆరేళ్ళుంటాయి. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆ కోపమేమో బయటపడదు, ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. తిట్టే మనిషితో ఇబ్బంది లేదు, తిట్టి ఊరుకుంటాడు. "సరే సార్" అని తలూపి లోపలికి వెళ్ళిపోయే మనిషితోనే జాగ్రత్తగా ఉండాలి. నాగర్‌కర్నూల్ సాయినాథ్‌కు ఈ సంగతి తెలియదు. తెలిసే దారి కూడా లేదు, ఎందుకంటే ఆయన సాంసన్ ముఖం వంక ఏనాడూ నిదానంగా చూడలేదు.

సాంసన్ పంతొమ్మిదో ఏట ఊళ్ళో పదిమందితో కలిసి గుంపు మేస్త్రీ వెంట లారీ ఎక్కాడు. ఆ రోజుల్లో పాలమూరు పల్లెల్లో కండ ఉన్నవాళ్ళందరూ ఎక్కిన లారీయే అది. కొందరు డ్యాముల పనికి పోయారు, కొందరు కాలువల పనికి పోయారు, సాంసన్ గుంపు రైలు పట్టాల పనికి పోయింది. కొంకణ్ కొండల్లో, మహారాష్ట్రలో, ఒడిశాలో కలిపి ముప్ఫై ఏళ్ళు పట్టాలు మోశాడు, స్లీపర్లు సర్దాడు, కంకర కూరాడు. వేలు పోయింది కొంకణ్‌లో. పెళ్ళయింది కూడా పని దగ్గరే. అదే గుంపులో కంకర గంపలు మోసే ఎస్తేరమ్మను, కూలీల రేకుల షెడ్డులో, ఆదివారం ప్రార్థన కాగానే చేసుకున్నాడు. సోమవారం ఇద్దరూ పనిలోకి దిగారు.

పట్టా వెయ్యడంలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. అది భయం కూడా. మొదటి మేస్త్రీ తొలిరోజే పదిమందినీ కూర్చోబెట్టి చెప్పిన మాట అది. "గోడ వంకర కడితే గోడే కూలుతది. పట్టా వంకర ఏస్తే మనకు తెల్వనోళ్ళు సస్తరు." ఆ మాట సాంసన్ చెవిలో గూడు కట్టుకుంది. లెవెల్ చెక్క పెట్టి చూడకుండా ఒక్క మలుపు కూడా వదిలేవాడు కాదు. మిగతావాళ్ళు బువ్వకు కూర్చున్నా, తాను పట్టా మీద చెంప ఆనించి ఒక కన్ను మూసి చూస్తుండేవాడు.

ఒడిశాలో ఒక లైను మొదలైన రోజున రంగు కాగితాలూ బ్యాండు మేళమూ వచ్చాయి. లేబర్ అందరినీ రెండు కిలోమీటర్ల అవతల చెట్ల కింద కూర్చోమన్నారు, ఫోటోల్లో పడకూడదని. మరునాడు పేపర్లో పట్టా ఉంది, రైలు ఉంది, దండలు వేసుకున్న పదకొండు మంది ఉన్నారు. సాంసన్ ఆ పేపరును మడిచి పెట్టెలో దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నావని ఎస్తేరమ్మ అడిగితే, "పట్టా మంచిగ పడ్డది" అన్నాడు. అంతే అన్నాడు. కానీ లోపల ఏదో మండింది, అది ఇప్పటికీ ఆరలేదు.

మోకాళ్ళు అరిగిపోయాక ఇద్దరూ గద్వాల చేరారు. దుకాణం ముందు గదిలో, కాపురం మధ్య గదిలో. వెనక గదిలో ఉన్నదే ఈ కథంతా.

అక్కడ పాత ఇళ్ళు కూల్చిన చోట తెచ్చిన రెండు టేకు తలుపులను బల్లల్లాగా పరిచి, వాటి మీద సాంసన్ ఒక రైలు లైను వేశాడు. గద్వాల నుంచి వనపర్తి, వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్. నేల మీద ఆ లైను లేదు. సర్వేలు జరిగాయి, ధర్నాలు జరిగాయి, ఎన్నికలొచ్చినప్పుడల్లా మాటల్లో రైలు కూత పెట్టింది, అంతవరకే. నాగర్‌కర్నూల్ వాళ్ళు ఇప్పటికీ బస్సే ఎక్కుతున్నారు. దేశమంతటా పట్టాలు వేసొచ్చినవాడు తన జిల్లాలో ఒక్క మీటరు వెయ్యలేదన్న కసితో, ఇక్కడ, తలుపుల మీద వేశాడు.

పట్టాలు సైకిల్ చువ్వలతో చేసినవి. స్లీపర్లు వెదురు పేళ్ళు. కంకర కృష్ణ ఒడ్డు నుంచి తెచ్చి మూడుసార్లు జల్లించిన ఇసుక. ఇంజనుకు పాత టేప్‌రికార్డర్ మోటారు, పెట్టెలకు నూనె డబ్బాల రేకు. శ్రీరంగాపూర్ దగ్గర చెరువు కోసం పగిలిన అద్దం బీరువాలోంచి ఒక ముక్క తెచ్చి పరిచాడు. దాని ఒడ్డున అట్టతో రంగనాయకస్వామి గుడి. లైను ఆ చెరువును చుట్టి తిరుగుతుంది. ఆ మలుపు ఒక్కటీ వెయ్యడానికి నాలుగు నెలలు పట్టింది.

ఎందుకంటే రైలు మలుపు తిరిగేటప్పుడు బయటి వైపుకు తోసుకుంటుంది. అందుకని మలుపులో బయటి పట్టాను లోపలి పట్టా కంటే కొంచెం ఎత్తులో వేస్తారు. అప్పుడు రైలు లోపలికి ఒరిగి, నిలదొక్కుకుని పోతుంది. పెద్ద లైనుకైనా తలుపు మీది లైనుకైనా ఇదే లెక్క. సైకిల్ చువ్వ కింద సాంసన్ సిగరెట్ డబ్బా అట్టలను ఒక్కొక్కటిగా పేర్చి, ఆ ఎత్తు కుదిరేదాకా వదల్లేదు. ఏడు పెట్టెల రైలు పూర్తి వేగంతో చెరువు చుట్టూ తిరిగి రాగానే ఎస్తేరమ్మను పిలిచి చూపించాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని రెండు చుట్లు చూసి, "పడ్డది పో, మంచి పట్టా" అంది. ఆయనకు అంతకు మించిన మెప్పు అక్కర్లేదు. అప్పటికి అక్కర్లేదు.

సాయినాథ్ వచ్చింది కూడా పంచరు వల్లే. నాగర్‌కర్నూల్‌లో టైల్స్ దుకాణం ఆయనది. నలభై ఏళ్ళవాడు, మంచి బట్టలు, మంచి కారు. రాయచూరు పోతూ శ్రావణమాసం వానలో స్టేషన్ రోడ్డులో టైరు గాలి దిగిపోతే సాంసన్ దగ్గర ఆగాడు. లోపలి నుంచి చిన్న రైలు చప్పుడు వినబడింది. తొంగి చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు, ఎందుకంటే ఆయనకూ అదే పిచ్చి. బయటి దేశాల నుంచి తెప్పించిన ఇంజన్లు ఇంట్లో అద్దాల బీరువా నిండా ఉన్నాయి. 'బుల్లి రైళ్ళు' అనే వాట్సాప్ గ్రూపును నడిపేది కూడా ఆయనే. రెండొందల పైచిలుకు మంది. కర్నూలు డాక్టరు, కరీంనగర్ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, శ్రీరంగాపూర్ బడి టీచరు సుప్రియ, అందరూ తమ తమ రైళ్ళ ఫోటోలను ఆదివారం పొద్దున పెడతారు. మిగతా రోజుల్లో పెట్టకూడదు, అది ఆ గ్రూపు కట్టుబాటు.

ఆయన గంటసేపు ఫోటోలు తీశాడు. ఎస్తేరమ్మ చాయ్ తెస్తే, "ఇప్పుడే తాగిన" అని గ్లాసును కిటికీలో పెట్టేశాడు. వెళ్ళేముందు సాంసన్ నంబరును గ్రూపులో కలిపాడు. "ఫోటోలు నేను పెడతలే. నీకు రాయనీకి చేతగాదు గదా" అన్నాడు. సాంసన్ మురిసిపోయి ఊరుకున్నాడు. ఆ రోజు ఆయన మురిసిపోయాడన్నది దాచాల్సిన పనిలేదు. కిటికీలో చాయ్ సాయంత్రం దాకా అలాగే ఉంది. మీగడ కట్టిన ఆ గ్లాసును ఎస్తేరమ్మ కడిగింది.

ఆదివారం ఫోటోలు వచ్చాయి. గద్వాల స్టేషను, చెరువు, మలుపు, ఏడు పెట్టెలు. కింద సాయినాథ్ రాసింది ఇది. "నా కల. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లైను. ఆలోచన, డిజైన్ నావి. పని మా లేబర్ చేసిండు." నూట నలభై మూడు మంది గుండె బొమ్మలు పెట్టారు. వారం తిరక్కముందే ఒక పేపరు జిల్లా పేజీలో కూడా పడింది. సాయినాథ్ ముఖం గుండ్రంగా ఒక మూల. మధ్యలో చెరువు మలుపు. ఆ ఫోటో అంచున ఇంజనును పట్టుకున్న చెయ్యొకటి మణికట్టు దగ్గర తెగి ఉంది. చూపుడు వేలుకు పై కణుపు లేదు.

సాంసన్ ఆ పేపరును ముందర పరుచుకున్నాడు. పెట్టెలోంచి ఒడిశా పేపరు తీసి పక్కన పెట్టుకున్నాడు. అక్కడ అసలు లేడు. ఇక్కడ చెయ్యి దాకా ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళలో అంతే ఎదిగాడు.

ఫోన్ చేశాడు. "సార్, అది నేనేసిన పట్టా. నా పేరు పెట్టుండ్రి సార్."

"ఏసింది నువ్వే, కాదన్ననా? లేబర్ చేసిండు అని రాసిన గదా." అవతల సాయినాథ్ గొంతులో కోపం లేదు, చిన్నపిల్లవాడికి నచ్చజెప్తున్న ఓపిక ఉంది. "నీ పేరు పెడితే ఎవలు పట్టించుకుంటరు, సాంసన్? పంచరు దుకాణం అని రాస్తే పేపరోళ్ళు ఏస్తరా? జర సమజ్ చేసుకో."

"సరే సార్" అన్నాడు సాంసన్.

నాలుక కరుచుకునేంత గట్టిగా పళ్ళు బిగించి అన్నాడు. లేబర్. కూలి చేసినన్నాళ్ళూ ఆ మాటకు నొచ్చుకోలేదు, ఎందుకంటే అప్పుడు లేబరే. ఈ పట్టాకు ఎవడూ కూలి ఇవ్వలేదు, ఎవడూ వెయ్యమనలేదు. బతుకులో ఇదొక్కటి తనది. దీని దగ్గర కూడా లేబర్ అన్నాడు. వాణ్ణి నలుగురిలో, మైకు ముందర, వాడి సొంత పట్టా మీద పడగొట్టాలి. అంతకు తక్కువైతే మంట చల్లారదు. పంచర్లు వేస్తూ, గాలి కొడుతూ నెల పైచిలుకు సాంసన్ ఇదే నమిలాడు.

దారి సాయినాథే చూపించాడు. దసరా పోయాక ఫోన్ చేసి, గ్రూపువాళ్ళందరూ వనపర్తిలో కలుస్తున్నారని, ఫంక్షన్ హాల్లో జనానికి రైళ్ళు చూపిస్తారని, తాను అదే లైనును పెద్దగా, ఇరవై అడుగుల మీద కడుతున్నానని చెప్పాడు. అంతా కుదిరింది, చెరువు మలుపు దగ్గర మాత్రం రైలు పడిపోతోంది. "వచ్చి ఏసిపో" అన్నాడు.

"మోకాలు బాగలేదు సార్," అన్నాడు సాంసన్. "ఫోటోలు తీసి పంపుత. చూసి ఏసుకోండ్రి. మీరే ఏసినట్టుంటది."

"గదీ మంచి మాట" అన్నాడు సాయినాథ్.

ఆ మధ్యాహ్నం సాంసన్ దుకాణానికి తడిక అడ్డం పెట్టి, వెనక గదిలో చెరువు మలుపును విప్పాడు. నాలుగు నెలలు వేసిన మలుపు. తిరిగి వేశాడు. ఈసారి అట్టలను లోపలి పట్టా కింద పేర్చాడు. బయటిది దిగువ, లోపలిది ఎత్తు. రైలు బయటికి తోసుకునే చోట పట్టా కూడా దాన్ని బయటికే ఒంచుతుంది. మెల్లగా పోతే ఏమీ కాదు. వేగం పెరిగిందా, ఆపేది ఏమీ లేదు. పైగా సాయినాథ్ తన పెట్టెల పైకప్పుల్లో బ్యాటరీ దీపాలు అమర్చి ఆ ఫోటోలు గ్రూపులో పెట్టి ఉన్నాడు. బరువంతా తల మీద. సాంసన్ ఆ ఫోటోలను వేళ్ళతో పెద్దవి చేసుకుని చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఎస్తేరమ్మ పత్తి చేను పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెకు చెప్పనక్కర్లేదు, పాతికేళ్ళు ఆ కంకర మోసిన మనిషి.

"లోపలి పట్టా ఎత్తుగుంది. కండ్లు పోయినయా నీకు?"

సాంసన్ ఇంకో అట్ట దూర్చాడు.

ఆమెకు అర్థమైంది. గంప దించింది. "ఆ నాగర్‌కర్నూలాయన కోసమా?"

"ఆ."

"మనిషితోటి కొట్లాట ఉంటే మనిషితోటి కొట్లాడు. ఇంటి ముందర నిలవడి తిట్టు. నేనొస్త, నీకంటె ఎక్కువ తిడత. పట్టా ఏం చేసింది నీకు?"

"ఇది ఆటబొమ్మనే. ఎవడు సస్తడు దీని మీద?"

"ఆటబొమ్మనే అయితె పేరు కోసం గింత ఏడుపెందుకు?" అంది ఆమె. జవాబు కోసం ఆగకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట సాంసన్‌కు తగిలింది. తగిలిందని ఒప్పుకునే స్థితిలో లేడు. పగ మీద ఉన్న మనిషికి పెళ్ళాం మాట మర్నాడు వినబడుతుంది.

ఫోటోలు పంపాడు. దగ్గర నుంచి, పక్క నుంచి, పై నుంచి. వాటితో పాటు ఒక మాట కూడా చెప్పాడు. "కొత్త పట్టా గదా సార్. వనపర్తి దినం దాకా రైలును మెల్లగనే నడుపుండ్రి. పట్టా కుదురుకోవాలె." పట్టాల పనిలో ఇది నిజమైన కట్టుబాటు. కొత్త లైను మీద కంకర సర్దుకునేదాకా రైళ్ళను వేగంగా పోనివ్వరు. కానీ సాయినాథ్ కంకర ఫెవికాల్‌తో అంటించినది, అది కుదురుకునేది ఏమీ లేదు. పట్టా పని తెలిసిన ఏ కూలీ అయినా ఈ మాటకు పకపకా నవ్వేవాడు. సాయినాథ్ శ్రద్ధగా విని, "మంచి పాయింట్ చెప్పినవ్" అన్నాడు.

ఒక్కటి సాంసన్ అనుకోలేదు. ఆ తర్వాతి ఆదివారం ఆ ఫోటోలన్నీ గ్రూపులో పడ్డాయి. "మలుపు వెయ్యడం ఎట్ల? నా పద్ధతి" అని రాసి సాయినాథ్ పెట్టాడు. ఈసారి నూట డెబ్భై గుండెలు. 'చాలా ఉపయోగం' అని డాక్టరు రాశాడు. 'మా పిల్లలతో ఇట్లనే వేయిస్త' అని సుప్రియ టీచరు రాసింది. సాంసన్ బొటనవేలు ఫోను మీద ఆగింది. తప్పు, అట్ల వెయ్యొద్దు, అని ఒక్క మాట చెప్తే చాలు. చెప్తే సాయినాథ్ కూడా చదువుతాడు. వనపర్తి దాకా ఇంకా మూడు వారాలున్నాయి. సాంసన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఇద్దరూ పెబ్బేరు మీదుగా వనపర్తి బస్సెక్కారు. ఎస్తేరమ్మ చర్చికి కట్టుకునే చీర కట్టింది. "చూడనీకి వస్తున్న, మెచ్చుకోనీకి కాదు" అని ముందే చెప్పింది.

హాల్లో మూడొందల మంది దాకా ఉన్నారు. చుట్టూ బల్లల మీద చిన్న చిన్న రైళ్ళు. మధ్యలో సాయినాథ్ ఇరవై అడుగుల లైను, మెరిసే టైల్స్ మీద. అతని ముఖం ముద్రించిన ఆహ్వాన పత్రికలు కుర్చీకొకటి. ఒక లోకల్ ఛానల్ కెమెరా కూడా వచ్చింది. సాంసన్ మలుపు దగ్గరగా నిలబడి ఒక కన్ను మూసి చూశాడు. లోపలి పట్టా ఎత్తుగా ఉంది, పంపినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. సాయినాథ్ మంచి విద్యార్థే.

మైకులో సాయినాథ్ చాలాసేపు మాట్లాడాడు. పాలమూరు కల అన్నాడు, రెండేళ్ళ శ్రమ అన్నాడు, నిద్రలేదన్నాడు. తర్వాత మీట తిప్పాడు. ఏడు పెట్టెల దీపాలూ వెలిగాయి. మొదటి చుట్టు మెల్లగా. జనం చప్పట్లు. రెండో చుట్టు కొంచెం వేగం. సాంసన్ లోలోపలే అంటున్నాడు, తిప్పు, ఇంకా తిప్పు, నీ చేతితో నువ్వే తిప్పు. మూడో చుట్టులో కెమెరా దగ్గరికి రాగానే సాయినాథ్ మీటను చివరిదాకా తిప్పాడు.

శ్రీరంగాపూర్ చెరువు దగ్గర మూడో పెట్టె ముందుగా బయటికి ఒరిగింది. దానివెంట నాలుగూ అయిదూ. అవి బయటికి లాగేసరికి ఇంజను మూతి లోపలికి తిరిగి, గుడి గోపురాన్ని తన్ని, అద్దం చెరువులో పడి, చక్రాలు పైకి పెట్టి గిరగిరా తిరిగింది. అద్దం పగిలింది. హాలు గొల్లున నవ్వింది. ముసలివాళ్ళు నవ్వారు, పిల్లలు బల్లలెక్కి నవ్వారు, కెమెరావాడు కూడా భుజాలు ఊగిస్తూ నవ్వాడు. సాంసన్ లోపలి మంట చల్లబడింది. ఇన్నేళ్ళలో అంత తియ్యగా ఏ రోజూ లేదు, అబద్ధం చెప్పి లాభం లేదు.

సాయినాథ్ ముఖం ఎర్రబడింది. మైకు లాక్కున్నాడు. "ఒక్క నిమిషం! పట్టా నా తప్పు కాదు. ఈ మలుపు నాది కాదు. గద్వాలల సాంసన్ అని ఒక లేబర్ ఉండు, పంచరు దుకాణం. వాడు చెప్పినట్టే ఏసిన. మలుపు సాంసన్ ఏసిందే. సాంసన్ తప్పు!"

మూడు సార్లు. తన పేరు మైకులో మూడు సార్లు వినబడింది సాంసన్‌కు. ముప్ఫై ఏళ్ళుగా వినాలనుకున్న మాట, మలుపు సాంసన్ ఏసిందే అని, మూడొందల మంది ముందర, కెమెరా ముందర. పగిలిన అద్దంలో బోర్లా పడ్డ రైలును చూపిస్తూ అన్న మాట. తియ్యదనం నాలుక మీదే విరిగిపోయింది. నవ్వుతున్న జనం ఇప్పుడు ఆ మలుపు వంక చూసి నవ్వుతున్నారు. ఆ మలుపు ఆయనది. నిజంగానే ఆయనది.

ఎస్తేరమ్మ సంచీలోంచి ఆయన జేబుకత్తి తీసి చేతిలో పెట్టింది. సంచీలో అది ఎప్పుడు వేసుకుందో సాంసన్‌కు తెలియదు.

ఆయన జనాన్ని తోసుకుని ముందుకు వెళ్ళాడు. "నేనే సాంసన్‌ను," అన్నాడు. మైకు లేకుండానే వినబడింది. "మలుపుల బయటి పట్టా ఎత్తుండాలె. నేను లోపలిది ఎత్తు చేసి ఫోటోలు పంపిన. తెలిసే పంపిన. ఈన నా పట్టాను తనదని చెప్పుకున్నడు, నన్ను లేబర్ అన్నడు. అందుకే పంపిన. సాయినాథ్, నువ్వు జరుగు."

సార్ అనలేదు. సాయినాథ్ జరిగాడు.

సాంసన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నొప్పి సంగతి మర్చిపోయి. లోపలి పట్టా కింద కత్తి దూర్చి అట్టలు పెకిలించాడు. బయటి పట్టా కింద పెట్టడానికి ఏమైనా కావాలి. కుర్చీల మీది ఆహ్వాన పత్రికలు అందుకుని, మడిచి, సాయినాథ్ ముఖాన్ని ఒక్కొక్కటిగా పట్టా కిందికి దూర్చాడు. అందులో ఆయనకు దక్కిన ఆనందం కొంచెం కాదు. చెంప ఆనించి చూశాడు. ఇంకొకటి దూర్చాడు. పదిహేను నిమిషాలు పట్టింది. ఒక్కరు కూడా కదల్లేదు. తర్వాత ఇంజనునూ పెట్టెలనూ ఎక్కించి, మీటను ఒకేసారి చివరిదాకా తిప్పాడు. ఏడు పెట్టెలూ లోపలికి ఒరిగి, పగిలిన చెరువు చుట్టూ దూసుకుపోయాయి. పది చుట్లు తిప్పాడు. ఒక్క చక్రం లేవలేదు.

చప్పట్లు మోగాయి. ఫోటోలు తీశారు, ఈసారి ముఖంతో సహా. సాయినాథ్ ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

జనం పలచబడ్డాక ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి దగ్గరికొచ్చి నిలబడింది. "నేను సుప్రియను, సాంసనన్నా. శ్రీరంగాపూర్ బడి." ఆమె నవ్వలేదు. "మా పిల్లలు ఆ ఫోటో సూసి ఏసిన్రు. పదిహేను దినాలు ఏసి ఏసి ఇప్పిన్రు. పడ్డప్పుడల్లా మల్లా ఫోటో తోటి సరిచూసుకున్నరు, సరిగ్గనే ఉంటుండె. మాకు చేతగాదు టీచర్ అని ఆఖరికి మూల పడేసిన్రు. ఈడికి కూడ పట్టుకరాలే."

సాంసన్ చేతిలో కత్తి అలాగే ఉంది. ఏదో అనాలి. "గా పిల్లలకు..." అన్నాడు. సుప్రియ తలూపి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో ఎస్తేరమ్మ అడిగింది. "చల్లగైందా?"

"ఆయన సంగతికైతే మల్లా చేయమన్నా చేస్త," అన్నాడు సాంసన్. కొంతదూరం పోయాక, "పిల్లల సంగతి తెల్వకపాయె" అన్నాడు.

"తెల్వకనా?" అంది ఆమె.

ఆ వారమంతా సాంసన్ తలుపుల మీది మలుపును మళ్ళీ వేశాడు, బయటి పట్టా ఎత్తుగా, మునుపటికంటే శ్రద్ధగా. ఆదివారం పొద్దున తన చేతులతో మొదటిసారి గ్రూపులో ఫోటో పెట్టాడు. బయటి పట్టాను మొండి వేలు చూపిస్తోంది. అక్షరాలు కొట్టడం రాక ఫోనుకు నోటితో చెప్పి రాయించాడు. "నేను గద్వాల సాంసన్. ఇది నా పట్టా. ముందుగాల వచ్చిన ఫోటో తప్పు, తెలిసే తప్పు చేసిన. మలుపు గిట్ల ఏసుకోండ్రి."

గుండె బొమ్మలు గబగబా పడ్డాయి. యాభై, తొంభై, రెండొందలు. ఎస్తేరమ్మ భుజం మీదుగా చూస్తోంది. సాంసన్ ముఖం విచ్చుకుంది. అప్పుడు మొదటి రాత వచ్చింది, శ్రీరంగాపూర్ నుంచి.

"అన్నా, పిల్లలు అడుగుతున్నరు. ఈసారిది నిజం పట్టానేనా?"

సాంసన్ దాన్ని రెండుసార్లు చదివాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన వేసిన పట్టాల మీద ఎన్ని వేల రైళ్ళు పోయాయో లెక్కలేదు. ఏ ఒక్క డ్రైవరూ ఆ మాట అడగలేదు.